ఇరవై అంగుళాల కోసం బస్సు కోయడం

అమెరికాలో పాత స్కూల్ బస్సు కొని ఇల్లుగా మార్చుకునేవాళ్లు దాన్ని ముద్దుగా ‘స్కూలీ’ అంటారు. సీట్లు పీకేసి, వంటగట్టు కట్టి, మంచం వేసుకుంటే చాలదా, కప్పు కోసి లేపడం ఎందుకు? టేపు పట్టుకుని లోపలికి వెళ్తే తెలుస్తుంది.

చాలా పాత బస్సుల్లో నడవ మధ్యన నేల నుంచి కప్పుకు 72 అంగుళాలు. అంటే సరిగ్గా 6 అడుగులు. పిల్లలకు అది ధారాళం. ఇల్లు చేయబోతే మాత్రం అందులోంచి ముందే కోత పడుతుంది. నేలకు చలి తగలకుండా అంగుళం మందం ఫోమ్ పలక, దాని మీద అరంగుళం ప్లైవుడ్, ఆపైన అరంగుళం ఫ్లోరింగ్ వేస్తే 2 అంగుళాలు పోయాయి. కప్పు కింద ఫోముకీ చెక్కకీ ఇంకో 2. మిగిలింది 68, అంటే 5 అడుగుల 8 అంగుళాలు. అదీ నడిమధ్యనే. కప్పు పక్కలకు వంగుతుంది కాబట్టి పొయ్యి ముందు అంత కూడా ఉండదు. 5 అడుగుల 10 అంగుళాల మనిషి ఏళ్ల తరబడి మెడ వంచుకునే వండుకోవాలి.

20 అంగుళాలు లేపితే ఆ 68 కాస్తా 88 అవుతుంది, 7 అడుగుల 4 అంగుళాలు. పక్కకు 12 కిటికీలున్న బస్సు తీసుకుందాం. కిటికీకి 28 అంగుళాల చొప్పున పొడవు 28 అడుగులు, లోపలి వెడల్పు ఏడున్నర. నేల 210 చదరపు అడుగులు. కప్పు లేపాక కూడా 210 అడుగులే. పెరిగేది నేల కాదు, ఎత్తు; దాంతో లోపలి ఖాళీ దాదాపు 350 ఘనపుటడుగులు పెరుగుతుంది. మంచం నడుమెత్తున కట్టి కింద నీళ్ల ట్యాంకు, బ్యాటరీలు పెట్టుకోవచ్చు. వంటగట్టు మీద అటక వేసుకోవచ్చు. అటక ఉన్న ఇంట్లో పెరిగినవాళ్లకు దాని విలువ వేరే చెప్పక్కర్లేదు.

ఇక లేపడం. బస్సు బలమంతా ఒక పక్క నేల నుంచి లేచి, కప్పు మీదుగా వంగి, రెండో పక్క నేలకు దిగే ఉక్కు కమానుల్లో ఉంది. ముందు నాలుగు మూలలా ముప్పావు అంగుళం మర కడ్డీలు బిగించి కప్పును వాటి మీద నిలబెడతారు. ఆ తర్వాతే కిటికీల మధ్య కమాను కాళ్లను కోస్తారు, రెండు పక్కలా కలిపి 26 కోతలు. ఆ కడ్డీకి అంగుళానికి 10 మరలు. నట్టు ఒక చుట్టు తిప్పితే కప్పు అంగుళంలో పదో వంతు లేస్తుంది. 20 అంగుళాలకు 200 చుట్లు, నాలుగు మూలలకు 800. ఒకడు తొందరపడి తన మూల ముందే లేపేశాడా, కప్పు మెలి తిరుగుతుంది. అందుకే నలుగురూ ఒకే లెక్క పైకి చెప్పుకుంటూ తిప్పుతారు.

నాకు భయమేసేది ఆ తర్వాతి పనే. ఫెడరల్ భద్రతా ప్రమాణం 220 ప్రకారం 1977 ఏప్రిల్ నుంచి పెద్ద స్కూల్ బస్సు కప్పు, ఖాళీ బండి బరువుకు ఒకటిన్నర రెట్లు మోసి కూడా 5.125 అంగుళాలకు మించి కుంగకూడదు. బండి 10 టన్నులైతే కప్పు మీద 15 టన్నులన్నమాట. కమాను కోసిన క్షణాన ఆ హామీ పోయింది. మళ్లీ దాన్ని నిలబెట్టేది మీ వెల్డింగే, దాన్ని పరీక్షించేవాళ్లు ఎవరూ రారు. కోసిన రెండు కొసలనూ ఊరికే ఎదురెదురుగా అతికిస్తే చాలదు. కొత్త ఉక్కు ముక్క పాత కమాను లోపలికి పైనా కిందా కొన్ని అంగుళాలు దూరాలి, ఐమూలగా ఆనికలు పడాలి. వెల్డింగ్ బాగా చేతనైనవాళ్లు దొరక్కపోతే ఈ పని మొదలుపెట్టొద్దని గట్టిగా చెప్తాను. పక్కల్లో పడిన ఖాళీని మూసే 16 గేజ్ ఉక్కు రేకు చదరపు అడుగుకు రెండున్నర పౌండ్లు తూగుతుంది. పెరిగిన మేర 93 చదరపు అడుగులకు 230 పౌండ్ల పైమాటే. అడ్డుగాలికి అందులో సగం మేర కొత్తగా దొరుకుతుంది, ఎదురుగాలికీ కొంత దొరుకుతుంది.

చివరి లెక్క రోడ్డు మీద. బస్సు బయటి ఎత్తు పదిన్నర అడుగులనుకుంటే, లేపాక 12 అడుగుల 2 అంగుళాలు. పైన గాలి ఫ్యాను మూత 5 అంగుళాలు కలిపితే 12 అడుగుల 7. చాలా రాష్ట్రాల్లో చట్టం 13 అడుగుల 6 అంగుళాల దాకా ఒప్పుకుంటుంది. వంతెనలన్నీ ఒప్పుకోవు. నార్త్ కరోలినాలోని డర్హమ్‌లో ఒక రైలు వంతెన కింద 11 అడుగుల 8 అంగుళాల ఎత్తే ఉండేది. ఎన్నో లారీల కప్పులు అక్కడ ఒలిచిపోయాయి. 2019 అక్టోబరులో దాన్ని 8 అంగుళాలు లేపారు, 12 అడుగుల 4 అయింది. మన బస్సు ఉత్త కప్పుతో 2 అంగుళాల తేడాలో బయటపడుతుంది. ఫ్యాను మూతతో 3 అంగుళాలు తగులుతుంది.

అందుకే పని అయ్యాక నిండు ట్యాంకుతో కాదు, ఖాళీ బండితో, టైర్లలో పూర్తి గాలితో ఎత్తు కొలవాలి. ఆ అంకెను పెద్ద అక్షరాలతో రాసి స్టీరింగ్ ఎదురుగా, అద్దం కింద అంటించాలి.