గినీ పందికి ముందు ఇల్లు, తరువాతే పెంపకం

పిల్లల ముచ్చట తీర్చడానికి పట్టణంలోని దుకాణాల నుంచి గినీ పందులను కొని తెచ్చుకుంటున్న కుటుంబాలు మన సరిహద్దు పల్లెల్లోనూ కనిపిస్తున్నాయి. సాధారణంగా దుకాణదారు ఇచ్చిన చిన్న ఇనుప పంజరమే ఆ ప్రాణికి శాశ్వత నివాసమవుతుంది. సరైన వసతి ఉంటే అయిదు నుంచి ఎనిమిదేళ్లు జీవించగల ఈ సాధుజంతువు, వసతి సరిగా లేకపోతే మొదటి వేసవినైనా దాటలేకపోవచ్చు. అందుచేత జంతువును తెచ్చుకోకముందే దాని ఇంటిని సిద్ధం చేసుకోవడం ఉత్తమం.

తెలుగులో గినీ పంది అన్నా, కన్నడంలో గిని హంది అన్నా దీనికి పందితో ఎట్టి సంబంధమూ లేదు. ఇది ఎలుక, ఉడుతల వలె కొరికి తినే జంతువు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంత ప్రజలు వేల సంవత్సరాల క్రితమే దీనిని మాంసం కోసం మచ్చిక చేశారు. 16వ శతాబ్దంలో స్పెయిన్ దేశస్థుల ద్వారా ఐరోపా చేరి, అక్కడ ముద్దు జంతువు అయింది. చల్లని వాతావరణం, గడ్డి, తోడు, దాక్కునే చోటు అనే నాలుగూ దీనికి పుట్టుకతో వచ్చిన అవసరాలు.

చల్లదనం

18 నుంచి 24 డిగ్రీల ఉష్ణోగ్రత వీటికి సుఖకరం. 30 డిగ్రీలకు చేరువయ్యే కొద్దీ వడదెబ్బ ప్రమాదం పెరుగుతుంది. బళ్లారి, రాయచూరు ప్రాంతాల్లో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుందన్నది మనకు తెలిసినదే. కనుక రేకుల కప్పు కింద, మిద్దె మీద, ఎండ పడే వరండాలో వీటిని ఉంచరాదు. ఇంటిలోని అతి చల్లని గదిలో, గాలి ఆడే మూలన ఉంచాలి. పడుకోవడానికి ఒక షాబాదు బండ ముక్క వేయాలి. కిటికీకి తడి గోనెపట్ట కట్టాలి. మధ్యాహ్నవేళ చల్లని నీటి సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టాలి. రొప్పుతూ, చొంగ కారుస్తూ చతికిలబడితే అది వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి, చెవులను, పాదాలను చల్లని నీటితో తడిపి, పశువైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి.

నేల, గూడు, తోడు

రెండు జంతువులకు కనీసం నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గల చోటు కావాలి. అంతస్తుల కన్నా విశాలమైన నేల మేలు. తీగల నేల వల్ల పాదాలు పుండ్లు పడతాయి కనుక చదునైన పలకపై వార్తాపత్రికలు, వాటి మీద ఉతికిన పాత దుప్పటి పరచాలి. రంపపు పొట్టు దుమ్ము ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. తడిసిన భాగాన్ని ప్రతిదినమూ మార్చాలి. పిల్లి, పాము, పందికొక్కు చొరబడకుండా పైన గట్టి జాలీ బిగించాలి.

భయం కలిగినప్పుడు దూరడానికి ఒక్కొక్క జంతువుకు ఒక్కొక్క గూడు ఉండాలి. అట్టపెట్టెకు రెండువైపులా ద్వారాలు కోస్తే చాలును. ఒకే ద్వారముంటే బలమైనది బలహీనమైన దానిని లోపలే నిర్బంధిస్తుంది. ఎలుకలకు అమర్చే తిరుగుడు చక్రం వీటి వెన్నెముకకు ప్రమాదకరం.

ఒంటరి గినీ పంది దిగులు పడుతుంది. 2008 నుంచి స్విట్జర్లాండులో దీనిని ఒంటరిగా పెంచడం చట్టరీత్యా నిషిద్ధం. రెండు ఆడవాటిని గాని, కలిసి పెరిగిన రెండు మగవాటిని గాని తెచ్చుకోవడం మంచిది. ఆడ, మగ కలిస్తే సుమారు రెండు నెలలకొక ఈత తప్పదు. కుందేలుతో కలిపి ఉంచరాదు.

మేత

వీటి పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. అవి అరగడానికి ఎండుగడ్డి ఎల్లవేళలా అందుబాటులో ఉండాలి. నీడన ఆరబెట్టిన గరిక శ్రేష్ఠం. వరిగడ్డిలో పోషణ తక్కువ. మందు కొట్టిన పత్తి, మిరప చేల గట్ల మీది గడ్డి కోయరాదు.

మనుషుల వలెనే ఇవి కూడా సి విటమిన్‌ను శరీరంలో తయారు చేసుకోలేవు. అది లోపిస్తే కీళ్లు వాచి, చిగుళ్లు చెడి, నడవలేని స్థితి వస్తుంది. రోజూ పావు క్యాప్సికం, కొన్ని కొత్తిమీర రెమ్మలు, వారానికి ఒకటి రెండుసార్లు చిన్న జామ ముక్క ఇస్తే ఈ లోపం రాదు. అన్నం, రొట్టె, పాలు, ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప పెట్టరాదు. బరువైన మట్టి మూకుడులో మంచినీరు రోజూ మార్చాలి.

పెద్దల బాధ్యత

బలవంతులకు ఎర అయ్యే జంతువులన్నీ తమ జబ్బును దాచుకుంటాయి. ఒక్కపూట మేత ముట్టకపోయినా వైద్యునికి చూపడం అవసరం. ఇంట్లోని మాత్రలు వేయరాదు. పెన్సిలిన్ తరగతి మందులు మింగిస్తే ప్రాణాంతకం కాగలవు.

మేత వేయడం, శుభ్రపరచడం పిల్లలకు నేర్పవచ్చును గాని, పరీక్షల రోజుల్లోనూ, ఊరికి వెళ్లినప్పుడూ ఆ భారం పెద్దలదే. అందుకు సిద్ధపడినవారి ఇంట గడ్డి చప్పుడు వినగానే గినీ పంది కీచుమని పిలుస్తుంది. సంతోషం పట్టలేక నిలుచున్నచోటనే గాలిలోకి ఎగురుతుంది. ఇల్లు సరిగా అమరిందనడానికి అదే గుర్తు.