ఇంటి ముంగిటి అంగడి

నివాసభూములయందు వ్యాపారము కూడదని హద్దు గీయుట పెక్కు నగరములలో పరిపాటి. ఆ హద్దు, ఇల్లు విడువలేని స్త్రీ సంపాదనపై బడునని యోచించువా రరుదు.

జపానుదేశమున 1992 నాటి చట్టసవరణ 12గా నేర్పఱచిన భూవినియోగ మండలములు 2018లో 13 అయినవి. టోక్యోవంటి కిక్కిరిసిన నగరమునను, మిక్కిలి కఠినమైన నివాసమండలమునందు సైతము, గృహిణి తన యింట కుట్టుపని దుకాణమో, రొట్టెల అంగడియో, పిల్లలకు చదువు చెప్పు గదియో పెట్టుకొనవచ్చును. అంగడి 50 చదరపు మీటర్లనుగాని, ఇంటిలో సగమునుగాని మించరాదు. రొట్టెల యంత్రముల శక్తి మొత్తము 0.75 కిలోవాట్లు దాటరాదు. పొరుగువారి నిద్ర చెడకుండుటకు కాబోలు! పచింకో ఆటశాలలకు అచ్చట చోటే లేదు. ఇది మాకు మిక్కిలి నచ్చినది.

వేఱు దుకాణమునకు అద్దె లేదు, రైలుప్రయాణము లేదు. పసిబిడ్డ కనుచూపులోనే యుండును. ఇరుగుపొరుగులకు సరకు నడకదూరమున దొరకును. ఆ పైకము ఆమె చేతికే వచ్చును.