గుండు మీద గుండు ఎవరు పెట్టారు?

హైదరాబాదు నగరానికి పడమర దిక్కున మాదాపూర్ ఉంది. దాని చుట్టుపక్కల కొండాపూర్, గచ్చిబౌలి, ఖాజాగూడ ఉన్నాయి. ఇప్పుడు ఇదంతా హైటెక్ సిటీ ప్రాంతం. అద్దాల మేడలు, కంప్యూటర్ కంపెనీలు, వెడల్పు రోడ్లు కనిపిస్తాయి. 1998లో ఇక్కడ సైబర్ టవర్స్ భవనాన్ని ప్రారంభించారు. అంతకు ముందు ఇవి పల్లెలు. ఎటు చూసినా రాళ్ల గుట్టలే.

ఆ గుట్టలు ఇప్పటికీ అక్కడక్కడ మిగిలి ఉన్నాయి. ఏనుగంత గుండు మీద ఇంకో గుండు. దాని మీద మరొకటి. తోస్తే పడిపోతుందేమో అనిపిస్తుంది. కాని పడదు. శిల్పారామంలో ఒక రాయి ఎలుగుబంటి ముక్కులా ఉంటుంది. హైదరాబాదు విశ్వవిద్యాలయం ఆవరణలో ఒక రాయి పుట్టగొడుగులా ఉంటుంది.

వీటిని ఎవరు పేర్చారు?

జనం చెప్పే కథలు

లోకాన్ని తయారు చేశాక మిగిలిన రాళ్లను దేవుడు ఇక్కడ కుప్ప పోశాడని కొందరు అంటారు. దగ్గరలోని గోలకొండకూ ఒక కథ ఉంది. ఒక గొల్ల పిల్లవాడికి కొండ మీద దేవుడి విగ్రహం దొరికిందట. అందుకే అది గొల్లకొండ అయిందట. నగరానికి అవతలి వైపు మౌలాలి గుట్ట ఉంది. అక్కడి బండ మీద హజ్రత్ అలీ చేతి గుర్తు ఉందని భక్తులు నమ్ముతారు.

రాళ్లున్న చోట కథలు పుడతాయి. ఎడారిలోనూ అంతే. అరబ్బు దేశాల ఎడారుల్లో ఒంటెలు, మేకలు మేపుకుంటూ తిరిగేవారిని బెదూయిన్లు అంటారు. జోర్డాన్ దేశంలో పెట్రా అనే చోటు ఉంది. అక్కడ కొండను తొలిచి చేసిన పాత కట్టడం ఉంది. దాని మీద ఒక రాతి కలశం ఉంది. ఫారో రాజు తన ధనమంతా అందులో దాచాడని బెదూయిన్లు చెప్పుకునేవారు. కలశం పగిలితే బంగారం రాలుతుందని తుపాకులతో కాల్చారు. తూటా దెబ్బలు ఇప్పటికీ కనిపిస్తాయి. బంగారం మాత్రం రాలలేదు. ఆ కలశం లోపల బోలుగా లేదు. అంతా రాయే!

మరి మన గుండ్ల సంగతి ఏమిటి?

ఈ రాయి పేరు గ్రానైటు. సుమారు 250 కోట్ల ఏళ్ల క్రితం ఇది భూమి లోపల చాలా లోతున పుట్టింది. అప్పుడది కరిగిన ముద్ద. మెల్లమెల్లగా చల్లారి గట్టిపడింది. హిమాలయాలు లేవడం మొదలై సుమారు 5 కోట్ల ఏళ్లే అయింది. అంటే మన గుట్టల రాయి ముందు హిమాలయాలు నిన్నటి పిల్లలు.

కాలం గడిచింది. పైనున్న నేల వానకు, గాలికి కొట్టుకుపోయింది. రాయి మీద బరువు తగ్గింది. అడ్డంగా, నిలువుగా పగుళ్లు పట్టాయి. ఆ పగుళ్లలోకి వాన నీరు దిగింది. నీరు తగిలిన చోట రాయి మెత్తబడి మొరం అయింది.

బెల్లం ముక్కను నీళ్లలో వేసి చూడండి. ముందు మూలలు కరుగుతాయి. ముక్క గుండ్రంగా అవుతుంది. పలకల్లా ఉన్న రాళ్లు కూడా అలాగే గుండ్లు అయ్యాయి. తర్వాత వానలు మొరాన్ని కడిగేశాయి. గట్టి గుండ్లు ఉన్న చోటే నిలిచాయి. ఎవరూ ఎత్తి పెట్టలేదు. ఎవరూ పేర్చలేదు.

ఎండా, చలీ కూడా తమ పని చేస్తాయి. ఉల్లిపొర లేచినట్టు బండ మీద పెచ్చులు లేస్తాయి. రాళ్లు కొట్టేవారికి ఇది బాగా తెలుసు. బండ మీద మంట పెట్టి పెచ్చు లేపడం వారి పాత విద్య.

గుట్ట పోతే ఏమవుతుంది?

రాయి కొట్టడం తప్పు కాదు. గోలకొండ కోట గోడలు ఈ రాయితో కట్టినవే. ఎందరో వడ్డెర కుటుంబాలు రాయి మీదే బతికాయి. కాని ఉలి, సమ్మెటతో కొట్టే రోజుల్లో గుట్ట తరాల తరబడి ఉండేది. ఇప్పుడు మందు పాతరలు, పెద్ద మిషన్లు వచ్చాయి. చూస్తుండగానే గుట్ట చదును అవుతుంది. మాదాపూర్ చుట్టూ ఇలా ఎన్నో పోయాయి. ఉన్నవాటినైనా కాపాడాలని 1996లో 'సొసైటీ టు సేవ్ రాక్స్' అనే సంఘం ఏర్పడింది.

గుట్టతో మనకు పనేమిటి అనుకోవద్దు. గుట్ట మీద పడ్డ వాన కొంత పగుళ్లలోకి, మొరంలోకి దిగుతుంది. అదే బావుల్లో, బోర్లలో ఊరుతుంది. మిగతాది చెరువుకు చేరుతుంది. గుట్టల నడుమ ఉన్న దుర్గం చెరువు ఒకప్పుడు గోలకొండ కోటకు తాగునీరు ఇచ్చింది. గుట్టను చదును చేసి సిమెంటు పోస్తే ఆ నీరు భూమిలోకి దిగదు. రోడ్ల మీద పారుతుంది. వానాకాలం ఇళ్లలోకి నీళ్లు వస్తాయి. ఎండాకాలం బోర్లు ఎండుతాయి.

పెట్రా కలశంలో బంగారం లేదు. మన గుండ్ల కింద లంకెబిందెలూ లేవు. కాని పగుళ్లలో నీరు ఉంది. చెట్టు మళ్లీ నాటవచ్చు. చెరువు మళ్లీ తవ్వవచ్చు. గుట్టను మాత్రం మళ్లీ చేయలేము.

మీ ఊళ్లో గుట్ట ఉందా? దాని పేరేమిటి? ఆ పేరు ఎలా వచ్చింది? ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. వాళ్లు చెప్పిన కథను మీ చేత్తో రాసి పెట్టండి.