నడిమి సెలవులు ఎందుకు?

దసరా సెలవులు దగ్గర పడితే చాలు, మన హాస్టల్లో రెండు మాటలు వినబడతాయి. "ఇంకో వారం ఇస్తే ఏం పోతది?" అని మనం. "ఇప్పుడిప్పుడే పాఠాలు ఎక్కుతున్నయి, ఇంతలోనే సెలవులా!" అని పెద్దలు. సెలవంటే చదువు ఆగిపోవడమే అని ఇద్దరి లెక్క. అది సగమే నిజం.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఏడాదికి 1 నుంచి 5 తరగతులకు 200 రోజులు, 6 నుంచి 8 తరగతులకు 220 రోజులు బడి నడవాలి. మిగతా రోజులన్నీ ఎండాకాలంలోనే ఇచ్చేయవచ్చు కదా? జర్మనీకి చెందిన ఎబ్బింగ్‌హాస్ అనే శాస్త్రజ్ఞుడు అర్థం లేని అక్షరాలు బట్టీపట్టి తన జ్ఞాపకాన్ని తానే పరీక్షించుకున్నాడు. 1885లో ఆ ఫలితాలు అచ్చువేశాడు. నేర్చినదాంట్లో ఎక్కువ భాగం మొదటి రోజే పోతుందట. ఒకేసారి రుద్దిన దానికన్నా, మధ్య మధ్య ఎడమిచ్చి మళ్ళీ చదివింది బాగా నిలుస్తుందట. కాబట్టి ఎడం మంచిదే, మళ్ళీ చదివితేనే! సంచిలో పెట్టిన పుస్తకం సంచిలోనే తిరిగి వస్తే ఎబ్బింగ్‌హాస్ ఏం చేస్తాడు?

ఊరి బడి పిల్లలు రోజూ సాయంత్రం ఇంటికి పోతారు. మనం జూన్‌లో వస్తే దసరాకే అమ్మ మొహం చూసేది. మూడో తరగతి తమ్ముళ్ళు ఇంట్లో గోండిలో మాట్లాడి, ఇక్కడ తెలుగులో చదువుతారు. వాళ్ళకు ఆ పది పన్నెండు రోజులు ఇంటి మాట మరిచిపోకుండా కాపాడే రోజులు.

కానీ ఒక చిక్కుంది. మన దండారి దసరాకు రాదు, దీపావళికి వస్తుంది. గుస్సాడీలు నెమలి ఈకల టోపీ పెట్టే నాటికి మనం మళ్ళీ తరగతిలో ఉంటాం. కేస్లాపూర్ నాగోబా జాతర పుష్య అమావాస్యకు, అప్పటికి సంక్రాంతి సెలవులు అయిపోతాయి. డోలు చప్పుడు వినబడితే కొందరు చెప్పకుండా పోతారు. పోయినవాళ్ళు పోయినట్టే పత్తి ఏరడంలో పడతారు. అప్పుడు కూలీ దొరుకుతుంది, ఇంట్లో చేతులు కావాలి. నెల దాటితే సిగ్గుతో తిరిగి రారు. గోడ దూకినోడిని తిట్టడం తేలికే, క్యాలెండరును ఎవరు తిడతారు?

చట్టం రోజుల లెక్క చెప్పింది కానీ అవి ఏ పండుగకు ఇవ్వాలో చెప్పలేదు. విద్యా క్యాలెండరు నిర్ణయించే పని స్థానిక సంస్థలకే అప్పగించింది. రెండు మూడు రెండో శనివారాలు బడి నడిపి ఆ రోజులు దండారికి ఇస్తే 220లో ఒక్కటీ తగ్గదు. వార్డెన్ సార్లు ఈ మాట పై అధికారులకు రాసి పంపితే బాగుంటుంది. తిరిగి రావాల్సిన తేదీ చీటీ మీద రాసి, తీసుకుపోవడానికి వచ్చిన నాయన చేతికే ఇస్తే ఇంకా మంచిది. మన చేతికిస్తే అది జేబులోనే నానిపోతది.

ఇంకొక్క సంగతి. మలేరియా దోమ ద్వారా వస్తుందని రోనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాద్‌లోనే కనిపెట్టాడు. దోమ కుట్టిన రోజే జ్వరం రాదు, వారం నుంచి రెండు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. అంటే ఊళ్ళో కుట్టిన దోమకు జ్వరం హాస్టల్లో బయటపడుతుంది. సెలవుల నుంచి వచ్చాక చలిజ్వరం వస్తే దుప్పటి కప్పుకొని దాచకుండా అదే రోజు నర్సమ్మకు చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి.