అలల ఊళ్ళో బస

పూర్వం మనవాళ్ళు పరదేశం బయలుదేరితే అక్కడ తెలిసినవారి ఇల్లున్నదా, సత్రమున్నదా అని ముందుగా విచారించేవారు. ఇప్పుడు ఇంట్లో కూర్చునే చేతిలోని ఫోనులో వేయి గదుల బొమ్మలు చూడవచ్చు. చూడటం సులభమే, ఎంచుకోవటమే కష్టం. పిల్లలు సర్ఫింగు కోసమని ప్రయాణం కట్టినప్పుడు ఆ కష్టం రెండింతలు. కాశీకి పోయేవాడికి గంగ ఏడాది పొడుగునా ఉంటుంది. అలకోసం పోయేవాడికి మాత్రం నెల, ఊరు, వేళ మూడూ కుదరాలి.

నిలువెత్తు పలకమీద బోర్లా పడుకుని, చేతులతో నీళ్ళు తోసుకుంటూ లోపలికి పోయి, అల లేచే సమయానికి పలకమీద నిలబడి ఒడ్డువైపు జారి రావటమే సర్ఫింగు. హవాయి ద్వీపాల వారి పాత ఆట ఇది. టోకియో ఒలింపిక్సులో, అంటే 2021లో, మొదటిసారి పతకాల ఆటగా చేరింది. చెన్నపట్నానికి దక్షిణాన ఉన్న కోవళంలో బెస్తవారి పిల్లలు దీన్ని చక్కగా పట్టుకున్నారు. వారిని చూసి మన కుటుంబాల పిల్లలు కూడా కొందరు పలకెక్కుతున్నారు. మా అబ్బాయి వారిలో ఒకడు. వాడి పోరు పడలేక గడచిన ఫిబ్రవరిలో మేమూ, మా ఇంటావిడా వాడితోపాటు సింహళానికి బయలుదేరాము. చెన్నపట్నం నుంచి కొలంబోకు విమానంలో గంటంబావు ప్రయాణం. గుమాస్తా జీతానికి అందే పరదేశం అదే.

గది వెతికే ముందు ఋతువు చూసుకోవాలి. సింహళద్వీపానికి రెండు తీరాలు, రెండు కాలాలు. నైరుతి తీరంలో ఉన్న వెలిగమ, మిరిస్స, హిక్కడువ ఊళ్ళలో నవంబరు నుంచి ఏప్రిలు దాకా అలలు బాగుంటాయి. నైరుతి ఋతుపవనం దిగగానే అక్కడ సముద్రం కలగాపులగమవుతుంది. అప్పుడు తూర్పు తీరాన ఉన్న అరుగంబే వంతు వస్తుంది. అక్కడ మే నుంచి సెప్టెంబరు దాకా మంచి కాలం. ఈ లెక్క తెలియక, గది చౌకగా వస్తున్నదని జూలైలో వెలిగమకు పోయేవాడికి చౌక గది దక్కుతుంది గాని అల దక్కదు.

వెలిగమ అంటే సింహళ భాషలో ఇసుక ఊరు. పేరుకు తగినట్టు ఆ ఉప్పుటేటి మలుపులాంటి అఖాతంలో అడుగంతా ఇసుకే. అల మెత్తగా లేచి చాలాదూరం సాగివస్తుంది. కొత్తగా నేర్చేవారికి అంతకన్న అనువైన చోటు లేదు. దానికి పడమటగా ఉన్న మిడిగమలో అడుగున పగడపు రాయి. అక్కడ పడితే కాళ్ళు చీరుకుపోతాయి, ఆరితేరినవారే దిగాలి. ఈ రెండు ఊళ్ళ పేర్లూ ప్రకటనల్లో పక్కపక్కనే కనిపిస్తాయి. కనుక గది ఏ అలకు దగ్గరో అడిగి తెలుసుకోనిదే డబ్బు కట్టకూడదు.

అరుగంబేకు పోయేవారికి మరో సదుపాయమున్నది. అది పొత్తువిల్ పట్టణాన్ని ఆనుకుని ఉన్న ప్రాంతం. అక్కడి జనంలో చాలామంది మాట్లాడేది అరవం. ఇంట తెలుగు, వీధిలో అరవంగా పెరిగిన మనవంటివారికి బేరానికీ, భోజనానికీ దుబాసీ అక్కరలేదు. ఆ ద్వీపపు తూర్పు, ఉత్తర మధ్య ప్రాంతాలలో పాములాడించి బ్రతికిన అహికుంటికులనే సంచారజాతివారు తరతరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడుతూ వచ్చారు. మనకన్న దూరం పోయి, మనకన్న తక్కువ ఆధారంతో భాషను నిలుపుకున్న ఆ బంధువుల సంగతి మన పిల్లలకు చెప్పదగినది.

ఇక గది సంగతి. ప్రకటన చదవటం కూడా ఒక విద్యే. ‘సముద్రం కనిపించే గది’ అంటే కుర్చీ ఎక్కి, కిటికీ మూలనుంచి మెడ చాస్తే కనిపించే గదీ కావచ్చు. ‘తీరానికి అయిదు నిముషాలు’ అన్నది ఉత్త చేతులతో నడిచేవాడి లెక్క; ఎనిమిది అడుగుల పలక చంకన పెట్టుకుని, బస్సులు దూసుకుపోయే గాలె రోడ్డు దాటేవాడి లెక్క వేరు. అందుచేత యజమానికి ముందే ఉత్తరం రాసి ఈ ప్రశ్నలు అడగాలి. పలకలు పెట్టుకోవటానికి తాళం వేసే చోటున్నదా? ఉప్పూ ఇసుకా కడుక్కోవటానికి బయట మంచినీటి కుళాయి ఉన్నదా? తడిబట్టలకు దండెం ఉన్నదా? దోమతెర ఉన్నదా? తెల్లవారక ముందు తలుపు తీసేవారెవరు? ఈ చివరి ప్రశ్న చిన్నదనిపిస్తుంది గాని ముఖ్యమైనది. పొద్దెక్కితే సముద్రపు గాలి లేచి నీటిని చిందరవందర చేస్తుంది. మంచి అల తెల్లవారుజామునే. ఆరుగంటలకు గేటు తీయని హోటలు అలల యాత్రికుడికి పనికిరాదు.

శాకాహారులు మరో మాట గుర్తుంచుకోవాలి. అక్కడి కొబ్బరి సంబోలు మన పచ్చడిలాగే ఉంటుంది గాని అందులో ‘ఉంబలకడ’ అనే ఎండుచేప పొడి తరచుగా కలుపుతారు. పప్పు కూరలో కూడా వేయటం కద్దు. పేరు పెట్టి అడిగితే లేకుండా చేసిపెడతారు. బిల్లు సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. చాలా హోటళ్ళు నూటికి పది చొప్పున సేవా రుసుము కలుపుతాయి. 2024 జనవరి నుంచి అమ్మకపు పన్ను నూటికి పద్దెనిమిది అయింది. కనిపించే ధరలో ఇవి చేరాయా లేదా అని అడగటం నామోషీ కాదు. పున్నమినాడు అక్కడ పోయ పండుగ సెలవు. ఆ రోజున మద్యం అమ్మరు. పిల్లాపాపలతో పోయేవారికి ఆ రాత్రి నిద్ర గ్యారంటీ.

ఇతరులు రాసిన అభిప్రాయాలు చదివేటప్పుడు అయిదు నక్షత్రాలనూ ఒక నక్షత్రాన్నీ పక్కన పెట్టి నడిమివాటిని చదవాలి. మురిసినవాడూ, మండిపడ్డవాడూ గదిని గురించి తక్కువ, తమను గురించి ఎక్కువ చెబుతారు. ‘గది శుభ్రం, కాని రాత్రి రెండింటిదాకా పక్కన పాటలు’ అని రాసిన మూడు నక్షత్రాలవాడే మనకు ఉపకారి. ఏ నెలలో రాశాడో కూడా చూడాలి.

మేము మొదటి రెండు రాత్రులు ఒక పెద్ద బసలో దిగాము. బొమ్మల్లో ఉన్నవన్నీ ఉన్నాయి. బొమ్మల్లో లేనిది రాత్రి సంగీతం. మేనేజరుతో చెప్పితే నవ్వాడు. మూడోనాడు మారి, తీరానికి రెండు సందుల లోపల ఒక వితంతువు నడిపే నాలుగు గదుల ఇంట్లో దిగాము. మంచాలు పాతవి, దుప్పట్లు మల్లెపూవులు. ఆమె తమ్ముడు పలకలు అద్దెకిస్తాడు. ఒకనాడు మా అబ్బాయి ధైర్యం వచ్చి మిడిగమకు పోతానన్నాడు. ఆ తమ్ముడు అల చూసి, తల అడ్డంగా ఊపి, “ఈవేళ వద్దు తమ్ముడూ” అని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పి, పలక ఇవ్వనన్నాడు. అద్దె పోయినా సరేనన్నాడు. ఆ సాయంకాలమే, ఒడ్డునుంచి లోపలికి లాగే ప్రవాహంలో చిక్కితే ఎదురీదరాదనీ, ఒడ్డుకు సమాంతరంగా ఈది పక్కకు తప్పుకోవాలనీ వాడికి ఇసుకలో గీత గీసి చూపించాడు. మా ఇంటావిడ ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది. ఇటువంటి సదుపాయం ఏ ప్రకటనలోనూ ఉండదు.

బయలుదేరే ముందురోజు ఆ ఇల్లాలు మా ఇంటావిడ చేయిపట్టుకుని, “అయిదు నక్షత్రాలు వేయించండి అక్కా” అని అడిగింది. 2019 ఈస్టరు బాంబులతో ఒక ఏడు, కరోనాతో రెండేళ్ళు, 2022లో పెట్రోలూ గ్యాసూ కరువై మరో ఏడు ఆమె గదులు ఖాళీగా ఉన్నాయి. ఆమెకు నక్షత్రమంటే పిల్లల స్కూలు జీతం. కాని వెనుక మెట్లమీద దీపం లేదు. తెల్లవారుజామున పలకలు మోసుకు దిగే పిల్లలు జారితే నడుము విరుగుతుంది. మన మెప్పు నమ్మి రేపు మరో తల్లి తన కొడుకును అక్కడికి పంపుతుంది. ఆమె పట్లా మనకు బాధ్యత ఉన్నది కదా!

మేము మెట్ల సంగతి ఆమెతోనే ముందుగా చెప్పాము. మొహం చిన్నబుచ్చుకుంది గాని సాయంకాలానికల్లా తమ్ముడిచేత దీపం వేయించింది. ఆ తరువాతనే రాశాము: నెల, గది, ఇచ్చిన సొమ్ము, పాత మంచాలు, మంచి దుప్పట్లు, చెప్పగానే వేయించిన దీపం, ఇవ్వనన్న పలక, అన్నీ. అయిదుకు నాలుగు నక్షత్రాలు వేశాము. మొదటి బసను గురించి కూడా రాత్రి గోల, మేనేజరు నవ్వు రాసి, గది శుభ్రంగా ఉన్నదనే నిజమూ రాశాము. అల రాలేదని బసను తిట్టటం, అల వచ్చిందని బసను పొగడటం రెండూ అన్యాయమే. సముద్రం ఎవరి హోటలూ కాదు.

లోపం ఉంటే ముందు యజమానితో చెప్పాలి, తరువాత లోకంతో చెప్పాలి. దిద్దుకుంటే ఆ మాటా చేర్చాలి. దూరదేశంలో మనం రాసే నాలుగు వాక్యాలు ఒక ఇంటి పొయ్యి వెలిగించవచ్చు, ఆర్పవచ్చు. మరో ఇంటి బిడ్డను కాపాడవచ్చు. మన పిల్లలు అలలమీద నిలబడటం ఎలాగూ నేర్చుకుంటున్నారు. ఆ నాలుగు వాక్యాలు నిజంగా రాయటం కూడా ఇంట్లో పెద్దలే నేర్పాలి.