విత్తనంతో ఇంటి పచ్చిక: చల్లే ముందు చేయవలసిన పని



ఇంటి ముందు కాస్త ఖాళీ స్థలం ఉన్నవాళ్ళు అక్కడ పచ్చిక పెంచుకోవాలని ముచ్చటపడడం సహజం. యానాంలో సాయంత్రంపూట గోదావరి ఒడ్డున కాసేపు కూర్చుని ఇంటికి వచ్చినవాళ్ళకు ఆ ముచ్చట మరికాస్త ఎక్కువ. అయితే మన ప్రాంతంలో ఒకసారి పెంచిన పచ్చిక ఏళ్ళ తరబడి అలాగే నిలవడం కష్టం. 1986 ఆగస్టులో వచ్చిన గోదావరి వరద పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. 1996 నవంబరు 6వ తేదీ తుపాను సంగతి చెప్పనే అక్కరలేదు. 2022 జూలైలో యానాం వీధుల్లోకి మళ్ళీ నీళ్ళొచ్చాయి. నీరు తీసిన తరువాత ఇంటి ముందు మిగిలేది ఒండ్రు మేట. దాని కింద పడిన గడ్డి కుళ్ళిపోతుంది. వరద రాని ఏడు వేసవి ఉప్పు ఉండనే ఉంది. ఇలా పాడైన పచ్చికను మొదటిసారిగా విత్తనం చల్లి మళ్ళీ లేపుకోదలచినవారి కోసం ఈ నాలుగు మాటలు.

ముందుగా ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. ఈ పనిలో విత్తనం వంతు చాలా తక్కువ. గింజ చల్లడం ఒక పూట పని. దానికి ముందు నేలతో పని ఏడెనిమిది వారాలు. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. పొట్లం కొని తెచ్చి, నేలను పైపైన గీకి చల్లేస్తారు. పది రోజుల్లో పచ్చగా మొలుస్తుంది కూడా. నెల తిరిగేసరికి అందులో సగం తుంగ అని తెలుస్తుంది.

అసలు విత్తనం అవసరమా అన్నది మొదట చూసుకోండి. మన పచ్చికల్లో నిలిచేది గరిక. వినాయకుడి పూజకు కోసే గరికే. పొలం గట్టు మీద రైతు తిట్టుకుంటూ పీకేదాన్ని మనం డబ్బిచ్చి కొంటున్నామన్నమాట! గరిక నేల మీద తీగలుగా పాకుతుంది, కణుపు కణుపుకూ వేరు దించుతుంది, భూమి లోపల కూడా దుంపవేళ్ళతో సాగుతుంది. అందుచేత మీ స్థలంలో సగానికి పైగా గరిక బతికి ఉంటే తవ్వవద్దు. ఎండిన గడ్డిని దంతెతో లాగేసి, గుంటలు పూడ్చి, బోసిగా ఉన్న చోట్ల పిలకలు గుచ్చితే చాలు, అదే అల్లుకుంటుంది. సగానికంటే తక్కువ మిగిలినా, మేట బెత్తెడు మందాన పడినా, తుంగ అలముకున్నా అప్పుడు కొత్తగా మొదలుపెట్టవచ్చు.

ఇంకొక మాట. కొబ్బరిచెట్ల కింద, మామిడి నీడలో గరిక నిలవదు. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ దానికి కావాలి. నీడ ఉన్న చోట కనకాంబరాలో మరొకటో వేసుకోవడం తెలివైన పని.

ఇక కాలం. చలిదేశాల తోట పుస్తకాల్లో నేల వేడెక్కాక చల్లమనో, వేసవి తగ్గాక చల్లమనో రాస్తారు. మనకు చలి అడ్డు కాదు, నీరే అడ్డు. జూన్‌లో తొలకరికి చల్లవచ్చు కదా అని చాలామంది అడుగుతుంటారు. గరిక గింజ ఇసుక రేణువంత ఉంటుంది. ఒక్క జడివానకు అది మూలకు కొట్టుకుపోయి అక్కడే గుత్తుగా మొలుస్తుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా గోదావరి వరద భయం, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాను భయం. ఏప్రిల్ వచ్చిందంటే కాలువలు కట్టేస్తారు. ఏటిలో నీరు తగ్గి సముద్రపు పోటు పైకి ఎక్కుతుంది, బావుల్లో, బోర్లలో ఉప్పు తేలుతుంది.

ఇవన్నీ తీసివేస్తే మిగిలేది సంక్రాంతి వెళ్ళిన తరువాత, జనవరి చివరి వారం నుంచి ఫిబ్రవరి నెలాఖరు దాకా. ఈ కాలానికి మరొక మేలు ఉంది. వర్షాకాలమంతా కురిసిన వాన పైమట్టిలోని ఉప్పును కిందికి కడిగి ఉంటుంది. అదే వేసవిలో అయితే ఎండకు నీరు ఆవిరవుతూ లోపలి ఉప్పును పైకి లాగుతుంది. పెరిగిన గరిక ఉప్పును బాగానే ఓర్చుకుంటుంది గాని పసిమొలక ఓర్చుకోలేదు. అందుకే ఉప్పు అడుగున ఉన్నప్పుడే మొలిపించి, అది పైకి వచ్చేసరికి వేరు ముదిరేలా చూసుకోవాలి. జనవరి చివర రాత్రులు కాస్త చల్లగా ఉంటాయి కనుక మొలక ఒక వారం ఆలస్యం కావచ్చు, దానికి కంగారుపడనవసరం లేదు.

చల్లేది సంక్రాంతి తరువాత అయితే, నేల పని డిసెంబరు మొదట్లోనే మొదలు కావాలి.

మొదట మేట సంగతి. గోదావరి ఒండ్రు సారవంతమైనదే, ఆ మాట నిజం. కాని పాత నేల మీద ఒక పొరగా పరుచుకుని ఉంటే అది మేలు చేయదు. సన్నని రేణువుల ఒండ్రు ఎండితే పెచ్చు కడుతుంది, తడిస్తే నీరు దిగనివ్వదు. వేరు ఆ పొరలోనే తిరుగుతూ ఉండిపోయి, వేసవికి ఎండిపోతుంది. కాబట్టి మేటను పాత మట్టితో కలిసిపోయేలా జానెడు లోతు తిరగదవ్వాలి. మేట మరీ మందంగా ఉంటే కొంత ఎత్తి చెట్ల పాదుల్లో వేసుకోండి. బంకమట్టి మీద రెండంగుళాల ఇసుక పోయించి పని అయిందనుకోవడం కూడా ఇలాంటిదే. నీరు ఇసుకలోంచి దిగి బంకమట్టి దగ్గర ఆగిపోతుంది. ఇసుక వేస్తే మట్టిలో కలపాలి, అదీ ఏటి ఇసుకే వేయాలి. సముద్రపు ఇసుకతో పాటు ఉప్పును కూడా ఇంటికి తెచ్చుకున్నట్టే.

తవ్వేటప్పుడే సెంటుకు నాలుగైదు గోనెసంచుల బాగా మాగిన పశువుల ఎరువు, రెండు కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ కలపండి. ఎరువు మాగకపోతే అందులోని కలుపు గింజలన్నీ మీ పచ్చికలోనే మొలుస్తాయి. తరువాత చదును. ఇంటి గోడ నుంచి బయటికి పది అడుగులకు రెండంగుళాల వాలు ఉంటే చాలు. పురికొస కట్టి చూసుకోండి, కంటి అంచనా మోసం చేస్తుంది. ఒక వాన పడ్డాక ఎక్కడ నీరు నిలిచిందో గుర్తు పెట్టుకుని పూడ్చండి. మొలిచాక కనబడిన గుంటను సరిచేయడం చాలా కష్టం.

నేల మీద తెల్లటి పొర కనబడితే అది పాలచౌడు. మంచినీరు నిండుగా కట్టి, పక్కకు పోయే దారి ఇచ్చి, రెండు మూడుసార్లు కడిగితే తగ్గుతుంది. నేల నల్లగా జిడ్డుగా ఉండి, నీరు గంటల తరబడి దిగకపోతే కారుచౌడు కావచ్చు. దానికి జిప్సం కావాలి. ఎంత అన్నది భూసార పరీక్ష చేయించుకుని నిర్ణయించుకోవాలి. పక్కింటివారు వేశారని మనమూ వేయడం పద్ధతి కాదు.

ఇప్పుడు తుంగ దగ్గరికి వద్దాం. పచ్చికకు తుంగను మించిన శత్రువు మన డెల్టాలో లేదు. పైన ఆకు కోస్తే కింద దుంప నవ్వుకుంటుంది. ఒక దుంప నుంచి గొలుసుగా మరికొన్ని దుంపలు పుడతాయి. పలుచని ప్లాస్టిక్ పట్టా కప్పితే దాన్ని పొడుచుకుని పైకి వస్తుంది. దీనికి ఓపికతో కూడిన ఉపాయం ఒకటే ఉంది. నేల చదును చేశాక విత్తనం చల్లకుండా ఉత్త నీరు పెట్టండి. వారం పది రోజుల్లో తుంగతో పాటు లోపల నిద్రపోతున్న కలుపంతా మొలుస్తుంది. తుంగ మొలిచిన మూడు వారాలు దాటితే కొత్త దుంపలు కడుతుంది. ఆ లోపునే, తడి ఉండగా, పళ్ళున్న పారతో అడుగు నుంచి లేపి, దుంపతో సహా ఏరివేయాలి. మామూలు పారతో నరికితే దుంప లోపలే ఉండిపోతుంది. ఏరిన దుంపలను పెంటకుప్పలో వేయకండి, ఎండబెట్టి కాల్చేయండి. మళ్ళీ నీరు పెట్టండి, మళ్ళీ మొలిపించండి, మళ్ళీ ఏరండి. డిసెంబరు నుంచి జనవరి చివరి దాకా ఇలా నాలుగు విడతలు వస్తాయి. మూడో విడతకు విసుగొస్తుంది. నాలుగో విడత మానేసినవారు ఏడాది పొడుగునా పీకుతూనే ఉంటారు. పిల్లలు, కోళ్ళు తిరిగే ఇంటి ముంగిట్లో గడ్డి మందులు కొట్టడం నా దృష్టిలో మంచిది కాదు.

కడియం నర్సరీల నుంచి చాపలా చుట్టి తెచ్చే గడ్డి పరిస్తే ఇంత శ్రమ ఉండదు కదా అనవచ్చు. ఖర్చు భరించగలిగితే పరుచుకోవచ్చు. అయితే ఆ చాప మట్టిలో తుంగ దుంపలు ఉన్నాయేమో తిరగేసి చూసి మరీ తీసుకోండి. కింద నేల శుభ్రం చేయకుండా పరిస్తే తుంగ చాపను కూడా పొడుచుకు వస్తుంది. కొరియన్ గడ్డి కావాలనుకునేవారు మాత్రం చాపో పిలకలో తెచ్చుకోవడమే మేలు.

విత్తనం కొనేటప్పుడు పొట్లం మీది బొమ్మ చూసి మోసపోవద్దు. రై గడ్డి, ఫెస్క్యూ వంటి చలిదేశపు గడ్డి గింజలు అందమైన పొట్లాల్లో దొరుకుతాయి. యానాంలో ఫ్రాన్సుతో బంధుత్వాలున్న కుటుంబాలు ఉన్నాయి. అక్కడి నుంచి ఎవరైనా ప్రేమగా తెచ్చిస్తే కాదనలేం గాని, ఆ గడ్డి మన మే నెల ఎండకు నిలవదు. పొట్లం మీద బెర్ముడా గడ్డి అని, లేదా సైనోడాన్ డాక్టిలాన్ అని ఉండాలి. అది మన గరికే. ప్రపంచంలో ఈ విత్తనం ఎక్కువగా పండేది అమెరికాలో అరిజోనా, కాలిఫోర్నియాల ఎడారి లోయల్లో. మన గట్టు మీది కలుపు వాళ్ళకు పంట! పొట్టు తీసిన గింజ వారం పది రోజుల్లో మొలుస్తుంది. పొట్టుతో ఉన్నది రెండు మూడు వారాలు తీసుకుంటుంది. కొన్నాక వంద గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో ఉంచండి. పది రోజుల్లో ఎన్ని మొలిచాయో చూస్తే విత్తనం తాజాదో పాతదో తేలిపోతుంది. ఈ పరీక్షను నాలుగో విడత తుంగ ఏరుతున్నప్పుడే చేసుకోవచ్చు.

పొట్టు తీసిన గింజ సెంటు నేలకు 200 నుంచి 400 గ్రాములు చాలు. కిలోకు సుమారు 40 లక్షల గింజలు తూగుతాయి కనుక ఇది తక్కువ కాదు. ఎక్కువ చల్లితే మొలకలు ఒకదానినొకటి నొక్కుకుని, తడికి కుళ్ళు పట్టి చాపలు చాపలుగా పడిపోతాయి. గింజకు నాలుగైదు రెట్లు పొడి ఇసుక కలిపి, సగం తూర్పు పడమరలుగా, సగం ఉత్తర దక్షిణాలుగా చల్లండి. గాలి లేని ఉదయం పూట చల్లాలి. పైన దంతెను తేలికగా ఆడించి, చెక్కపలకతో గాని నీరు నింపిన డ్రమ్ము దొర్లించి గాని నేలను అదమండి. గింజ పావు అంగుళం కంటే లోతుకు పోకూడదు.

చీమలు గింజలను వరస కట్టి మోసుకుపోతాయి, పిచ్చుకలు కూడా దిగుతాయి. పైన పలుచగా ఏదైనా కప్పడం మంచిది. వరిగడ్డి కప్పితే అందులో మిగిలిన వడ్లు, కలుపు గింజలు మొలుస్తాయి. మనకు చేరువలో ఉన్న కొబ్బరి పీచు పొట్టు మేలు, కాని పచ్చి పొట్టులో ఉప్పు ఉంటుంది. రెండు మూడుసార్లు మంచినీటితో కడిగి పిండి వాడండి. అదీ నేల కనబడీ కనబడనట్టు.

నీరు జల్లుగానే పడాలి. ధారగా పడితే గింజ కదిలిపోతుంది. మొదటి రెండు వారాలు రోజుకు మూడుసార్లు, కొద్దికొద్దిగా, పైమట్టి ఎండకుండా జల్లుతూ ఉండాలి. మొలక వచ్చాక ఒకసారి మధ్యాహ్నం మరిచిపోతే చాలు, ఎండిపోతుంది. ఆ పదిహేను రోజులు ఊరికి వెళ్ళే పని పెట్టుకోవద్దు. నోటికి ఉప్పగా తగిలే బోరు నీరు ఈ దశలో వాడకూడదు. కుళాయి నీరు ఇంటి అవసరాలకే చాలనివారు ఉన్న నీటిని బట్టి స్థలం తగ్గించుకోవడం మంచిది. ఒక సెంటు బాగా లేస్తే పక్క సెంటుకు పిలకలు అందులోనే దొరుకుతాయి. మూడో వారం నుంచి సార్లు తగ్గించి, ఒక్కోసారి ఎక్కువ నీరు పెట్టండి. వేరు కిందికి దిగేది అప్పుడే.

అయిదారు వారాలకు గడ్డి రెండున్నర అంగుళాలు పెరుగుతుంది. నేల ఆరి ఉన్న రోజు చూసి, పదునైన కత్తితో పైపైన కోయండి. మూడో వంతు కంటే ఎక్కువ ఒకేసారి తీయవద్దు. మొద్దుబారిన కొడవలితో లాగితే లేత మొక్క వేరుతో ఊడివస్తుంది. మొదటి కోత తరువాత సెంటుకు 300 గ్రాముల యూరియా చల్లి వెంటనే నీరు జల్లండి, ఆకు మీద నిలిస్తే మాడుతుంది. ఉగాది నాటికి నేల కనబడకుండా అల్లుకుంటుంది. పిల్లలను ఆడుకోనిచ్చేందుకు మాత్రం ఇంకో నెల ఆగండి.

ఏప్రిల్‌లో కాలువలు కట్టాక గడ్డి కొసలు కాస్త ఎర్రబడితే భయపడకండి. వారానికి ఒక్క తడి మంచినీరు దొరికినా వేరు బతికి ఉంటుంది, తొలకరికి మళ్ళీ చిగురిస్తుంది. అక్కడక్కడ ఒకటీ అరా తుంగ తల ఎత్తితే, చిన్నగా ఉన్నప్పుడే దుంపతో పీకేయండి.