ఈత రానోళ్ళం సముద్రంలో దిగినాం

అండమాన్ పోయి వచ్చినామని తెలిసినప్పటి నుంచి మన లైను ఇండ్లలో, బస్టాండులో, రేషన్ అంగడి కాడ ఎవరు కనబడినా ఒకటే మాట. "ఏమప్పా, ఈత రానోళ్ళు మీరు నడి సముద్రంలో దిగినారంట, నిజమేనా?" నిజమే. అయితే నడి సముద్రం కాదు, దీవి ఒడ్డున. ఒక్కొక్కరికీ నిలబడి చెప్పేదానికంటే మన పత్రికలో రాసేస్తే అందరికీ చేరుతుందని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. ముఖ్యంగా బ్లో రూములో, కార్డింగులో పనిచేసి రిటైరైనవాళ్ళు చదవాలని నా కోరిక. ఎందుకో ముందుకు పోతే మీకే తెలుస్తుంది.

మేము నాలుగు జంటలం. అందరమూ మిల్లు మనుషులమే. నేను రింగు ఫ్రేము, మా ఇంటామె కోన్ వైండింగు, మా బావ కార్డింగు, మా అక్క రీలింగు. మిగిలిన రెండు జంటలూ పక్క లైనువాళ్ళు. మూడేండ్ల కింద తలా నెలకు వెయ్యి రూపాయలు వేసుకోవడం మొదలుపెట్టినాం. చీటీ మాదిరే గానీ పాట లేదు, కమిషన్ లేదు, ఊరికే పోగు చెయ్యడమే. పోయిన ఫిబ్రవరిలో బెంగుళూరులో విమానం ఎక్కి రెండున్నర గంటల్లో దిగినాం. విమానం సంగతి రాయను, ఈ కాలంలో అందరూ ఎక్కుతూనే ఉన్నారు. పోర్ట్ బ్లెయిర్ అని మనం విన్న ఊరికి 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చినారు. ఆటోవాళ్ళు ఇంకా పాత పేరే అంటారు. మొదటి రోజు సెల్యులార్ జైలు చూసినాం. దాని గురించి పెద్దోళ్ళు పుస్తకాలు రాసినారు, నేను రాసేది ఏముంది. నేను చెప్పేది మరుసటి రోజు ఒక పూటకు పోయి వచ్చిన జాలీబాయ్ దీవి గురించి.

ఊరి నుంచి సుమారు 30 కిలోమీటర్లు పోతే వండూరు అని సముద్రం ఒడ్డున ఒక పల్లె. అక్కడ మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కు ఉంది. 1983లో పెట్టినారు. 15 దీవులు, వాటి మధ్య సముద్రం, అంతా కలిపితే 280 చదరపు కిలోమీటర్లకు పైమాటే. అంతలో టూరిస్టులను విడిచేది రెండు దీవులకే, జాలీబాయ్‌కి, రెడ్ స్కిన్‌కి. ఏడాదిలో కొన్ని నెలలు ఒకటి తెరుస్తారు, మిగతా నెలలు రెండోది. మూసిపెట్టిన దీవిలో పగడాలకు రెస్టు. మనుషులకు ఇంత రెస్టు ఇచ్చిన మిల్లును నేనైతే చూడలేదు. పార్కుకు సోమవారం సెలవు. పోవాలనుకునేవాళ్ళు ఇది గుర్తు పెట్టుకోండి. పర్మిట్ కూడా కావాలి, ముందే తీసుకోవాలి, ఆధార్ కార్డు అడుగుతారు.

పొద్దున్నే బయలుదేరి వండూరు చేరినాం. పడవ ఎక్కేముందు సంచులన్నీ విప్పి చూస్తారు. ప్లాస్టిక్ కవరు ఒక్కటి కూడా దీవికి పోకూడదు. మా అక్క చిత్రాన్నం స్టీలు క్యారియర్లో కట్టింది కాబట్టి సరిపోయింది. మా వెనకాలున్న ఒకాయన చిప్స్ పాకెట్లన్నీ అక్కడే కూర్చుని తినేసినాడు. వండూరు ఒడ్డున మొసళ్ళు ఉన్నాయి జాగ్రత్త అని బోర్డు ఉంది. ఉప్పునీళ్ళలో తిరిగే మొసళ్ళంట. అది చూసి మా ఇంటామె నా చెయ్యి పట్టుకుని "పిల్లోళ్ళకు చెప్పకుండా వస్తిమి కదా" అనింది. మొసళ్ళు ఉండేది మడ అడవుల కాలువల్లో, జనం దిగే చోట గైడులు చూసుకుంటారు అని పడవవాళ్ళు ధైర్యం చెప్పినారు.

మనకు నీళ్ళంటే కేఆర్పీ డ్యాము, కెలవరపల్లి డ్యాము, ఇంకా కావాలంటే హొగేనకల్‌లో పరిసలు. హొగేనకల్‌లో పరిసలు గిర్రున తిరిగినప్పుడు అరిచే అరుపులు ఇక్కడ లేవు. ఒక గంట సేపు రెండు పక్కలా దీవులు, చెట్లు నీళ్ళలోకి దిగి నిలబడి ఉంటాయి, పడవ మెల్లగా పోతుంది. మనుషులు కాపురమున్న ఇల్లు ఒక్కటీ కనబడదు. జాలీబాయ్‌లో రేవు కట్టలేదు. పెద్ద పడవ దూరంగా ఆగుతుంది, అక్కడి నుంచి చిన్న పడవలో ఒడ్డుకు తీసుకుపోతారు. ఆ చిన్న పడవకు అడుగున అద్దం ఉంటుంది. కాళ్ళ మధ్య సముద్రం అడుగు కనబడుతుంది.

ఆ పడవలో గైడు పిల్లవాడు మా మాటలు విని "మీరు మాట్లాడేది తెలుగేనా బాబాయ్?" అన్నాడు. తెలుగు కాక మరేమి అన్నాం. "మాది సిక్కోలు. మా తాత కాలంలో ఇక్కడికి వచ్చేసినాం. మీ తెలుగు ఏటో వింతగా ఉంది" అని నవ్వినాడు. మాకు వాళ్ళ తెలుగు వింత. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్‌లో నూటికి 13 మంది తెలుగు మాట్లాడేవాళ్ళే. హోసూరులో మనం తమిళం, కన్నడం మధ్య తెలుగు నిలుపుకున్నట్టు, వాళ్ళు హిందీ, బెంగాలీ మధ్య నిలుపుకున్నారు. ఆ పిల్లవాడు దొరకడం మా అదృష్టం. నీళ్ళలో భయం వేసినప్పుడు మనిషికి సొంత భాషే నోటికొస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. మా బావ 31 ఏండ్లు కార్డింగులో ఉన్నాడు. ఆ సెక్షన్లో పనిచేసినవాళ్ళకు చెప్పనక్కరలేదు, షిఫ్టు దిగేటప్పటికి కనురెప్పల మీద కూడా పత్తి పేరుకునేది. వీక్లీ ఆఫ్ అయిపోయి మళ్ళీ డ్యూటీకి వచ్చిన మొదటి రోజు ఎద బిగబట్టినట్టు ఉండేది, వారం గడిచేకొద్దీ తగ్గేది. సోమవారం దగ్గు అని నవ్వుకునేవాళ్ళం. దాని పేరు బిసినోసిస్. పత్తి దుమ్ము వల్ల వచ్చే జబ్బు. మేము పనిచేసిన కాలంలో ఫ్యాక్టరీల చట్టంలో, ఈఎస్ఐ చట్టంలో ఇచ్చిన జబ్బుల పట్టీలో అది ఉండింది. మిల్లులో మాకు ఒక్కరూ ఆ మాట చెప్పలేదు. మొదట్లో అయితే ఆ పని మానుకుంటే తగ్గిపోతుంది. ఏండ్ల తరబడి పీల్చినవాళ్ళకు ఊపిరి గొట్టాలు ఇరుకైపోయి, రిటైరైనా తగ్గదు. మా బావకు రెండు మెట్లు ఎక్కితే నిలబడాల.

అందుకే టికెట్లు కొనకముందే ఎనిమిది మందిమీ ఈఎస్ఐ డాక్టరమ్మ దగ్గరికి పోయినాం. ఇక్కడ ఒక మాట. ఉద్యోగంలో కనీసం 5 ఏండ్లు ఈఎస్ఐలో ఉండి రిటైరైనవాళ్ళకు ఏడాదికి 120 రూపాయలు కడితే భార్యాభర్తలిద్దరికీ వైద్యం ఉంది. చాలామంది కట్టకుండా వదిలేసినారు. డాక్టరమ్మ మాకు గట్టిగా ఊది చూసే పరీక్ష చేయించింది. నాకు పర్వాలేదు. మా ఇంటామెకు నాకంటే బాగుంది. బావకు మాత్రం "పడవ ఎక్కండి, నీళ్ళలో ఎదలోతు వరకు నిలబడండి, గొట్టం మాత్రం నోట్లో పెట్టుకోవద్దు" అని చెప్పింది.

గొట్టం అంటే స్నార్కెల్. కళ్ళకు, ముక్కుకు కలిపి అద్దాల మాస్కు వేస్తారు. నోట్లో ఒక వంపు గొట్టం, దాని కొన నీళ్ళ పైన ఉంటుంది. బోర్లా తేలుతూ తల నీళ్ళలో పెట్టి చూస్తూ, నోటితో గాలి పీల్చాల. ఆ గొట్టం మూరకు తక్కువే ఉంటుంది. ఇంకొంచెం పొడుగు పెడితే లోతుకు పోవచ్చు కదా అని నేను అడిగినాను. కుదరదంట. లోతుకు పోతే నీళ్ళ బరువు ఎద మీద పడి ఊపిరి లోపలికి రానివ్వదు. పైగా మనం విడిచిన గాలి గొట్టంలోనే నిలిచి, దాన్నే మళ్ళీ పీలుస్తాం. పొడుగు గొట్టమైతే మంచి గాలి అందదు. చిన్న గొట్టంలో కూడా గబగబా పీలిస్తే ఇదే కష్టం, నిదానంగా, నిండుగా పీల్చి విడవాల. ఊపిరి గొట్టాలు ముందే ఇరుకైనవాళ్ళకు ఇంకొక గొట్టం తగిలిస్తే ఏమవుతుందో మీరే చూసుకోండి.

లైఫ్ జాకెట్ తొడిగినారు. అలవాటు కొద్దీ కుట్లు, బెల్టులు లాగి చూసినాను, గట్టిగానే ఉన్నాయి. బట్టల సంగతి కూడా ఆడవాళ్ళ కోసం రాయాల. మా అక్క కాటన్ చీరతోనే దిగుతానని కూర్చునింది. అక్కా, నూలు నీళ్ళు తాగుతుంది, పాలిస్టరు తాగదు, ఇది మనకు ఒకరు చెప్పాలా అన్నాను. తడిసిన కాటన్ చీర కాళ్ళకు చుట్టుకుంటే ఈత వచ్చినవాళ్ళు కూడా మునుగుతారు. మా ఇంటామె ముందుగానే పాలిస్టరు చుడీదారు తెచ్చుకునింది, దుపట్టా తీసి పెట్టేసింది. అక్క మరదలి ఇంకొక జత వేసుకునింది. అరవై దాటినాక మొదటిసారి చుడీదారు వేసుకున్న సిగ్గు పోవడానికి పది నిమిషాలు పట్టింది.

మా ఇంటామె అందరికంటే ముందు దిగింది. గైడు ఒక గాలి ట్యూబు లాగుతూ ముందు పోతాడు, మనం దాన్ని పట్టుకుని తేలుతూ వెనక పోవాల. మొదట లోతు లేని చోట పది సార్లు ఊపిరి పీల్పించి, బాగుంది అన్నాకే లోపలికి తీసుకుపోయినాడు. నాకు మీసాల సందులో నుంచి మాస్కులోకి నీళ్ళు దూరినాయి. మీసాల కింద వాజలీన్ పూస్తే ఆగింది. కట్టుడు పళ్ళు ఉన్నవాళ్ళు తీసి జాగ్రత్త చేసుకోండి, గొట్టం కరిచి పట్టుకోవడం వాళ్ళకు కొంచెం కష్టమే. మా గుంపులో ఒకాయన అందుకే అద్దం పడవ చాలన్నాడు.

లోపల చూసింది ఎట్ల రాయాలో నాకు రాదు. పగడాలు కొన్ని జింక కొమ్ముల మాదిరి, కొన్ని గుండ్రంగా రుబ్బురోలు మాదిరి. పచ్చ, నీలం రంగుల చిలుక చేపలు పగడాలను కొరుకుతుంటే కటకట సద్దు వినబడింది. కొరికిన పగడాన్ని అరిగించి ఇసుకగా విడుస్తాయంట, ఆ దీవి తెల్ల ఇసుకలో అది కూడా ఉంది. ఆ సద్దు తప్పితే నా ఊపిరే నాకు వినబడింది. లోపలికి, బయటికి. రింగు ఫ్రేముల మధ్య ముప్పై ఏండ్లు నిలబడినవాడికి తన ఊపిరి తనకు వినబడడం ఎంత పెద్ద సంగతో మీకు తెలుసు.

ఒక చోట పగడాలు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. గైడు దానికి బ్లీచింగు అన్నాడు. మాకు తెలిసిన మాటే. మిల్లులో బట్టను బ్లీచింగు చేస్తే తెల్లగా వచ్చిందని సంతోషం. ఇక్కడ తెల్లబడితే పగడం చావుకు దగ్గర పడినట్టు. పగడం చెట్టు కాదు, రాయి కాదు, చిన్న చిన్న జీవాల గుంపు. దాని ఒంట్లో నాచు లాంటిది కాపురముంటుంది. రంగూ దానిదే, తిండిలో ఎక్కువ భాగం పెట్టేదీ అదే. సముద్రం వేడెక్కితే పగడం ఆ నాచును బయటికి పంపేస్తుంది. 2010లో అండమాన్‌లో ఇట్ల చాలా పగడాలు చచ్చిపోయినాయి. గుండ్రటి పగడం ఏడాదికి ఒక సెంటీమీటరు పెరిగితే గొప్ప. వేరే గుంపులో ఒక కుర్రవాడు దాని మీద నిలబడి ఫోటో తీయించుకోబోతే మా గైడు తిట్టిన తిట్లు సిక్కోలు తెలుగులోనే ఉన్నాయి, ఆ కుర్రవాడికి అర్థం కాలేదు. మాకు అయినాయి.

మేము తిరిగి వచ్చేటప్పటికి బావ ఎదలోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు. అక్క ఆయన్నే చూస్తూ ఒడ్డున కూర్చునింది. "నాకు గొట్టం వద్దప్పా, ఆ అద్దాలు మాత్రం ఇయ్యి" అని గైడును అడిగినాడు. గైడు మాకేసి చూసినాడు. డాక్టరమ్మ వద్దన్నది గొట్టమే కదా అని అక్క అనింది. గైడు ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకున్నాం. కాళ్ళు ఇసుకలోనే ఉన్నాయి. ఊపిరి బిగబట్టి మొహం నీళ్ళలో పెట్టినాడు. ఐదు లెక్క పెట్టేలోపల తల ఎత్తి రొప్పినాడు. సాలు బావా అన్నాను. "ఊరుకో" అని మళ్ళీ పెట్టినాడు. అట్ల ఆరు సార్లు. ఆరోసారికి నల్ల చారల పసుపు చేపలు రెండు ఆయన కడుపు దగ్గరికి వచ్చినాయి. తల ఎత్తి అక్కను కేకేసినాడు, "రా, వచ్చి చూడు" అని. అక్క దిగింది.

మధ్యాహ్నం వండూరుకు వచ్చేసినాం. రెండో చీటీ ఈ నెల నుంచి మొదలు, ఇప్పటికి ఐదు జంటలు పేర్లు ఇచ్చినారు. కార్డింగు, బ్లో రూము వాళ్ళు ముందు ఊదే పరీక్ష చేయించుకుని ఆ చీటు తీసుకుని రండి. గుండె జబ్బు, ఆస్తమా, ఫిట్స్ ఉన్నవాళ్ళు కూడా డాక్టరును అడిగే రావాల. బావ మళ్ళీ వస్తానంటున్నాడు, ఆయన పేరు మొదటే రాసినాం. పాలిస్టరు బట్టలు తెచ్చుకోండి. మా ఇంటామె చుడీదారు పడవలోనే ఆరిపోయింది, నా నూలు బనీను రెండో రోజుకు కూడా తడిగానే ఉండింది.